వయసు అనుకుని వదిలేసిన పదకొండు నెలలు

(ఒక జూనియర్ కాలేజీలో తల్లిదండ్రుల సమావేశానికి వచ్చిన మానసిక వైద్యుడి ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ మొదటి వరస ఖాళీగానే ఉంది. పిచ్చి డాక్టరు ఎదురుగా కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారో అని కాబోలు. పర్లేదు, రండి. నేనేమీ కరవను.

మొదట మిమ్మల్నే ఒకటి అడుగుతాను, చేతులెత్తండి. మీ ఇంట్లో పదిహేను, పదహారేళ్ల పిల్లలున్నారు కదా. వాళ్లను చూసి ఈ ఏడాదిలో "ఏం చేస్తాం, వయసు అలాంటిది" అని ఎంతమంది అనుకున్నారు? చూశారా, దాదాపు అందరూ. సరే, "వీడికి పొగరెక్కింది" అన్నవాళ్లు? మళ్లీ అవే చేతులు! నేనూ అన్నాను లెండి. మా ఇంట్లో ఒకతి ఉంది, పదో తరగతి. నిన్న రాత్రే అన్నాను.

వయసు, పొగరు. ఈ రెండు మాటల గురించే నేను మాట్లాడదామని వచ్చాను. చాలామంది పిల్లల విషయంలో అవి సరైన మాటలే. కానీ కొందరిలో జబ్బు వచ్చి ఆ రెండు మాటల చాటున కూర్చుంటుంది. మనం వయసనుకుంటాం, పొగరనుకుంటాం, నెలలు గడిచిపోతాయి. మనం తెలివితక్కువవాళ్లమై కాదు. ఆ వయసులో మెదడులో మామూలుగా జరిగే మార్పు, జబ్బు మొదట్లో కనబడే తీరు, ఈ రెండూ బయటికి ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి. కోపం, గది తలుపేసుకోవడం, రాత్రుళ్లు మేలుకోవడం, చదువు మీద ధ్యాస లేకపోవడం. దేనిలో లేవు చెప్పండి?

అందుకే ముందు ఆ మామూలు మార్పేమిటో చూద్దాం. కాస్త సైన్సు ఉంటుంది, నిద్రొస్తే చెప్పండి.

ఆరేళ్లు వచ్చేసరికి పిల్లల మెదడు పరిమాణంలో పెద్దవాళ్ల మెదడుకు తొంభై శాతం పైగా వచ్చేస్తుంది. అందుకే చాలాకాలం డాక్టర్లు కూడా ఏమనుకున్నారంటే, మెదడు పని చిన్నప్పుడే అయిపోయింది, ఇక పదమూడేళ్లకు వచ్చేదంతా హార్మోన్ల గోల అని. 1979లో పీటర్ హటన్‌లాకర్ అని షికాగోలో ఒక పిల్లల నరాల డాక్టరు చనిపోయినవారి మెదడు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, నరాల కణాల మధ్య అతుకులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాడు. ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు, ఓపిక చూడండి. ఏడాది, రెండేళ్ల పిల్లల మెదడు ముందు భాగంలో అతుకులు పెద్దవాళ్ల కంటే దాదాపు సగం ఎక్కువ ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చాయి, పదహారేళ్ల దాకా.

తగ్గుతూ వచ్చాయి. వినండి, తగ్గుతూ వచ్చాయి. పిల్లవాడు ఎదుగుతుంటే మెదడులో అతుకులు తగ్గడమేంటి?

ఇక్కడ వ్యవసాయం చేసేవాళ్లు ఎంతమంది? బాగుంది. మిరప ఎదబెట్టిన చేను ఎలా ఉంటుంది మొదట్లో? ఒత్తుగా, గుబురుగా మొలుస్తుంది. అలాగే వదిలేస్తారా? నెలా నెలన్నరకు ఒత్తు మొక్కలు పీకేసి పలచన చేస్తారు. చూసేవాడికి మొక్కలు పీకి పారేస్తున్నట్టే ఉంటుంది. కానీ కాపు వచ్చేది అలా పలచన చేసిన చేలోనే. మెదడు కూడా అంతే. చిన్నప్పుడు అవసరానికి మించి అతుకులు వేసుకుంటుంది. కౌమారంలో, అంటే పదేళ్లు దాటాక, వాడుకలో ఉన్నవి ఉంచుకుని మిగతావి తీసేస్తుంది. ఉంచుకున్న దారులకు కొవ్వు పూత వేసుకుంటుంది, కరెంటు తీగకు తొడుగు వేసినట్టు. అప్పుడు కబురు చాలా రెట్లు వేగంగా వెళుతుంది.

1999లో అమెరికాలో జే గీడ్ అనే డాక్టరు, ఆయన బృందం 145 మంది పిల్లలకు ఎంఆర్ఐలు తీసి, వారిలో కొందరికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ తీసి చూశారు. బతికున్న పిల్లల్లోనూ అదే కనబడింది. మెదడు ముందు భాగంలో, నరాల కణాలూ వాటి అతుకులూ ఉండే బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో పదకొండేళ్లకు, మగపిల్లల్లో పన్నెండేళ్లకు అటూ ఇటుగా శిఖరానికి చేరి, అక్కణ్నుంచి పలచబడుతోంది. ఈ పని మెదడంతా ఒకేసారి జరగదు. చూపు, కదలిక చూసుకునే భాగాలు ముందు తయారవుతాయి. ఆగి ఆలోచించడం, రేపటిని లెక్కేసుకోవడం, నోటిదాకా వచ్చిన మాటను మింగడం, ఇవి చూసుకునే నుదుటి వెనక భాగం అన్నిటికంటే చివర. పాతికేళ్ల దాకా పడుతుంది. ఓటుహక్కు పద్దెనిమిదికి, పెళ్లీడు అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి. ఆ భాగం వీటిలో దేనికీ ఆగి చూడదు, దాని పని దానిది.

మరి కోరిక, ఉత్సాహం, భయం చూసుకునే లోపలి భాగాలు? అవి ఈడు రాగానే జోరందుకుంటాయి. దీన్నే అందరూ "యాక్సిలరేటర్ ఉంది, బ్రేకులు లేవు" అంటారు. నేనూ ఇలాంటి మీటింగుల్లో అలాగే చెప్పేవాణ్ని, ఇప్పుడు మానేశాను. ఎందుకంటే పదహారేళ్ల పిల్లాణ్ని ఒక్కణ్నే కూర్చోబెట్టి నిదానంగా అడిగితే మీకూ నాకూ తీసిపోకుండా ఆలోచిస్తాడు. బ్రేకులున్నాయి. పక్కన నలుగురున్నప్పుడే వస్తుంది చిక్కంతా.

2005లో లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే ఆయన ఒక పరీక్ష పెట్టాడు. కంప్యూటర్ మీద కారు ఆట. పసుపు లైటు పడుతుంది, ఏ క్షణమైనా గోడ అడ్డం రావచ్చు. ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, గుద్దితే ఉన్నవీ పోతాయి. ఒంటరిగా ఆడినప్పుడు పద్నాలుగేళ్ల వాళ్లకూ ముప్పై ఏళ్ల వాళ్లకూ పెద్ద తేడా లేదు. పక్కన ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూర్చోబెడితే? పెద్దవాళ్లు అలాగే ఆడారు. పిల్లలు మాత్రం తెగించేశారు. ఇంట్లో బుద్ధిమంతుడిలా ఉండేవాడు కాలవ గట్టు మీద ముగ్గుర్నెక్కించుకుని బండి ఎందుకు తోలుతున్నాడో ఇప్పుడు అర్థమైందా? వాడు ఇంట్లో నటించలేదు, గట్టు మీదా నటించలేదు. రెండు చోట్లా వాడే.

నిద్ర సంగతి ఒక్కమాట. ఈడు వచ్చాక రాత్రి నిద్ర తెప్పించే మెలటోనిన్ గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. వాళ్లకు కావలసింది ఎనిమిది నుంచి పది గంటల నిద్ర. పదకొండు దాకా స్టడీ అవర్ పెట్టి నాలుగున్నరకు బెల్లు కొట్టే హాస్టల్‌లో ఆ లెక్క ఎలా కుదురుతుంది? ప్రిన్సిపల్ గారు నవ్వుతున్నారు. సార్, మిమ్మల్ని అనలేదు. అన్నాననే అనుకోండి.

ఇదీ మామూలు మార్పు. ఇక జబ్బు దగ్గరికొద్దాం.

ప్రపంచవ్యాప్తంగా 192 అధ్యయనాలు, 7 లక్షల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూసిన లెక్క 2021లో వచ్చింది. మానసిక జబ్బు వచ్చినవాళ్లలో మూడోవంతు మందికి అది పద్నాలుగేళ్ల లోపే మొదలైంది. దాదాపు సగం మందికి పద్దెనిమిది లోపు. నూటికి అరవై మందికి పైగా పాతికేళ్ల లోపు. అన్నిటికంటే ఎక్కువమందికి మొదలైన వయసు ఏదంటే, పద్నాలుగున్నర.

గుండెజబ్బు యాభైకి వస్తుంది, మోకాళ్లు అరవైకి అరుగుతాయి. ఇదేంటండీ, బలమంతా ఉన్న వయసులో వస్తుంది?

బెంగళూరులో నిమ్హాన్స్ అని మానసిక, నరాల వైద్యానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, అందులో చదువుకుని అమెరికా వెళ్లిన డాక్టర్ మాచేరి కేశవన్, ఇందాక చెప్పిన గీడ్, ఇంకో సైంటిస్టు కలిసి 2008లో ఈ ప్రశ్న మీదే ఒక వ్యాసం రాశారు. దాని సారం మన మెకానిక్కు కూడా తెలుసు: ఏ భాగం కదులుతూ ఉంటుందో ఆ భాగమే చెడిపోతుంది. ఆ వయసులో మెదడులో అన్నీ కదులుతున్నాయి. పలచన చేయడం, పూత వేయడం, కొత్త దారులు గట్టిపడటం. పని జరిగే చోటే పొరపాటు జరుగుతుంది.

స్కిజోఫ్రీనియా అనే జబ్బు ఉంది. లేని మాటలు చెవిలో వినబడటం, ఎవరో తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మడం. మన ఊళ్లలో గాలి సోకింది అంటారే, వాటిలో కొన్ని ఇవే. 1982లో ఇర్విన్ ఫైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు: కౌమారంలో ఆ పలచన చేసే పని శ్రుతి తప్పితే ఈ జబ్బు వస్తుందేమో అని. అప్పటికి ఊహే. 2016లో హార్వర్డ్ వాళ్లు సీ4 అనే జన్యువును పట్టుకున్నారు. ఒంట్లో క్రిముల మీద గుర్తు వేసే పని చేసేది అది. మెదడులో అదే, తీసేయవలసిన అతుకుల మీద గుర్తు వేస్తుంది. అది ఎక్కువగా పనిచేసే రకం ఉన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా కొంచెం ఎక్కువగా కనబడింది. అంటే పీకాల్సిన ఒత్తు మొక్కలతో పాటు ఉండాల్సినవి కూడా పీకేస్తుందేమో అని. నేను "ఏమో" అంటున్నాను, గమనించండి. ఇది ఎన్నో కారణాల్లో ఒకటి. ఇంట్లో పరిస్థితులు, చిన్నప్పుడు పడ్డ దెబ్బలు, మత్తు, ఇవన్నీ ఉన్నాయి.

"అయితే మావాడికి ఒక స్కాన్ తీయించమంటారా డాక్టర్‌గారూ?" అని ఎవరో ఒకరు అడుగుతారు, నేనే చెప్పేస్తాను. వద్దు. స్కాన్ చూసి ఇదిగో డిప్రెషన్, ఇదిగో స్కిజోఫ్రీనియా అని చెప్పే మిషన్ ఇంకా రాలేదు. మెదడులో గడ్డో, ఫిట్సో అనుమానమైతే తీయిస్తాం, అది వేరు. ఇంకో భయం, వంశం. తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి పది దాకా. మామూలుగా నూటికి ఒకటి. పది అంటే ఎక్కువే. కానీ తొంభై మందికి రాదు అని కూడా అదే లెక్క. సంబంధాలు చూసేటప్పుడు ఆ తొంభై ఎవరికీ గుర్తురాదు.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను, కొన్ని వివరాలు మార్చాను. ఇంటర్ రెండో ఏడాది అబ్బాయి. తండ్రికి కొంచెం పొలం, మిగతాది కౌలు. ఆయన నా దగ్గరికి వస్తూ సంచీలో కొడుకు మ్యాథ్స్ రన్నింగ్ నోట్స్ తెచ్చాడు. "అయ్యా, నాకు చదువు రాదు. దీంట్లో ఏదన్నా కనబడుద్దేమో చూడండి" అన్నాడు. రిపోర్టుల ఫైలు తెచ్చేవాళ్లను చూశాను గానీ నోట్స్ తెచ్చిన మనిషి ఆయనొక్కడే.

తిరగేశాను. జూన్ పేజీలు. స్కేలుతో కొట్టిన మార్జిన్, హెడ్డింగులు ఎర్ర పెన్ను, కింద రెండు గీతలు. ముచ్చటేస్తుంది. ఆగస్టు దాకా అంతే. దసరా సెలవుల తర్వాత మార్జిన్ పోయింది. ఎర్ర పెన్ను పోయింది. లెక్క సగంలో ఆగిపోతోంది, కింద ఇంకో లెక్క మొదలవుతోంది, అదీ సగమే. సంక్రాంతి నాటికి ఒకే లైను ఆరుసార్లు, ఏడుసార్లు రాసి ఉంది. చివరి పేజీల్లో లెక్కలే లేవు. "వింటున్నారు" అని ఒక్కమాట, పేజీ మూలన, చిన్న అక్షరాలతో. ఆ పేజీలోనే లెక్చరర్ సంతకం, తేదీ. సంతకం కింద ఒక రిమార్కు: "చేతిరాత బాగుండాలి."

ఆ లెక్చరర్‌ని నేను తప్పుపట్టను. సెక్షన్‌కు డెబ్బై మంది, డెబ్బై నోట్సులు. ఆ తండ్రినీ తప్పుపట్టను. ఆయన ఏమనుకున్నాడు? ముందు వయసనుకున్నాడు. తర్వాత ఫోన్ అనుకుని ఫోన్ లాక్కున్నాడు. ఆ తర్వాత పొగరనుకుని రెండు దెబ్బలు వేశాడు. ఇంట్లోవాళ్లు తాయెత్తు కట్టించారు, ఒకచోట మూడు రాత్రులు నిద్ర చేయించారు. నా దగ్గరికి వచ్చేసరికి, నోట్స్‌లో మార్జిన్ పోయిన రోజు నుంచి లెక్కేస్తే, పదకొండు నెలలు. ఈ జబ్బుల్లో మందు పడకుండా గడిచే కాలం ఎంత ఎక్కువైతే తర్వాత కోలుకోవడం అంత కష్టమవుతుంది. అబ్బాయి ఇప్పుడు బాగానే ఉన్నాడు, మందులు వాడుతున్నాడు, డిగ్రీ దూరవిద్యలో కట్టాడు. కానీ ఆ పదకొండు నెలలు లేకపోతే ఇంకెలా ఉండేవాడో అన్న ఆలోచన నన్ను వదలదు.

అందరికీ వచ్చేది ఇంత పెద్ద జబ్బు కాదు, కంగారుపడకండి. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ సర్వేలో లేవు, అయినా అదే లెక్క వేసుకుంటే అరవై మంది సెక్షన్‌లో నలుగురు. ఎక్కువగా ఉండేవి డిప్రెషన్, ఆందోళన. ఈడు వచ్చాక డిప్రెషన్ ఆడపిల్లల్లో మగపిల్లలకు రెట్టింపు. కానీ వాళ్లు "నాకు దిగులుగా ఉంది" అని రారు. తలనొప్పి అని వస్తారు, కడుపునొప్పి అని వస్తారు. గ్యాస్ మాత్రలు, కళ్లద్దాలు, అల్ట్రాసౌండ్ అన్నీ అయ్యాక వస్తారు. ఇంకో సంగతి, ఈ వయసులో డిప్రెషన్ ఏడుపులాగే ఉండనక్కర్లేదు. చిరాకులా, కోపంలా ఉంటుంది. ముట్టుకుంటే కస్సుమనడం. మళ్లీ ఏమంటాం? పొగరు.

గంజాయి గురించి అడుగుతారని తెలుసు. స్వీడన్‌లో సైన్యంలోకి వచ్చిన 45 వేల మంది కుర్రాళ్లను పదిహేనేళ్లు గమనించి 1987లో ఫలితం చెప్పారు: యాభైసార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు. ఒక మెదడుకు పడుతుంది, ఒకదానికి పడదు, ఏది ఎవరిదో ముందు తెలియదు. పలచన చేసే పని నడుస్తుండగా మందు కొట్టే చేను అది. ఇంతకంటే చెప్పను.

మరి ఎలా పోల్చుకోవడం? పక్కింటి పిల్లతో పోల్చకండి, టాపర్‌తో అసలు పోల్చకండి. మీ పిల్లను ఆరు నెలల కిందటి మీ పిల్లతోనే పోల్చండి. గది తలుపేసుకుంది, సరే. లోపల ఫ్రెండుతో నవ్వుతూ మాట్లాడుతోందా? అది వయసు. ఫ్రెండ్స్‌ని కూడా వదిలేసిందా? నేనైతే ఆలోచిస్తాను. క్రికెట్ పిచ్చి ఉన్నవాడు మ్యాచ్ వస్తున్నా తల తిప్పడం లేదా? స్నానం మానేశాడా? అన్నం తగ్గిందా? రాత్రి రెండున్నరకు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడా? ఒకరోజు, రెండ్రోజులు ఎవరికైనా ఉంటుంది. రెండు వారాలు దాటి, చదువూ తిండీ నిద్రా స్నేహాలూ వీటిలో రెండు మూడు కలిసి మారితే ఆగకండి.

"చచ్చిపోవాలనిపిస్తోంది" అన్నమాట వినబడితే, లేదా మీకు అనుమానమొస్తే, నేరుగా అడగండి. "అమ్మా, బతకాలని లేదని అనిపిస్తోందా?" అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామందికి భయం. పుట్టదు. అడిగినందుకు బరువు దిగుతుంది. అప్పుడు పిల్లను ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి. నంబరు రాసుకోండి: 14416. టెలీ మానస్ అని, మానసిక ఇబ్బందులకు ఫోన్‌లో సాయం చేసేది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు కట్టక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అందరూ రాసుకున్నారా? ఫోన్లు తీయండి, ఎటూ చేతిలోనే ఉన్నాయిగా. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

ఏమైనా అడుగుతారా? ఆ చివర పెద్దావిడ అడుగుతున్నారు, మైకు ఇవ్వండి బాబూ. మైకు లేదా? సరే, వినబడింది. "పెళ్లి చేస్తే కుదురుకుంటారా?" అంటున్నారు. మంచి ప్రశ్నమ్మా, నన్ను వారానికి నలుగురు అడుగుతారు. కుదురుకోరు. జ్వరంలో ఉన్న పిల్లకు పెళ్లి చేస్తామా? ముందు జ్వరం తగ్గనిస్తాం. తగ్గాక, మందులు నిలకడగా నడుస్తున్నాక, అవతలివాళ్లకు చెప్పి చేసుకుంటే హాయిగా కాపురాలు చేస్తున్నవాళ్లున్నారు. దాచి చేస్తే మాత్రం మొదట ఆగిపోయేది మాత్రలే. అత్తగారింట్లో కనబడకూడదని.

ఇంకొకాయన అడుగుతున్నారు, "ఈ మందులు అలవాటైపోతాయా?" అని. నిద్రమాత్రల్లాంటి కొన్ని అవుతాయి, అందుకే వాటిని కొద్దిరోజులే ఇస్తాం. డిప్రెషన్ మందులు, స్కిజోఫ్రీనియా మందులు ఆ రకం కాదు, మత్తుమందుకు అలవాటు పడ్డట్టు పడరు. కానీ మీకు మీరే ఒక్కసారిగా ఆపేయకూడదు. షుగరు మాత్ర వేసుకుంటూ ఎవరూ "అలవాటైపోయింది" అనరు కదండీ.

బస్సు టైమైందని అంటున్నారు. ఆపేస్తాను. మాకు జిల్లా ఆస్పత్రిలో ఓపీ పొద్దున తొమ్మిది నుంచి. వచ్చేటప్పుడు పాత మందుల చీటీలు తెచ్చుకోండి, పిల్లవాణ్ని తీసుకురండి. నోట్‌బుక్ ఉంటే అదీ తెండి, రెండు టర్ములవీ.